దత్తాంశ నిధికి తైబందీ

పాఠ్య పరిచయం

సంపాదించిన దానిని దాచుకోవడం, దాచుకొన్న దానిని తెలివిగా పంచుకోవడం మానవుడు నాగరికత తొలినాళ్లలోనే నేర్చిన విద్యలు. ధాన్యానికి గాదెను, పాతరను, నీటికి చెరువును, జ్ఞానానికి తాళపత్ర భాండాగారాన్ని అతడు ఏర్పరచుకొన్నాడు. నేటి కాలంలో సమాచారానికి ఆశ్రయం డిస్క్ నిల్వ వ్యవస్థ. అటువంటి పెద్ద వ్యవస్థలోని స్థలాన్ని వేర్వేరు పనులకు ఏ కొలతలతో పంచాలి అన్నదే ఈ పాఠంలోని విషయం. విషయం నూతనమైనదే కాని, దానికి మూలమైన వివేకం మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెరువు కట్టల మీద తరతరాలుగా వర్ధిల్లినదే.

షాద్‌నగర్ భూకేంద్రం

హైదరాబాదు నుండి కర్నూలు వైపు వెళ్లే జాతీయ రహదారిపై దక్షిణంగా సుమారు అరవై కిలోమీటర్లు ప్రయాణిస్తే షాద్‌నగర్ పట్టణం వస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇది రంగారెడ్డి జిల్లాలో చేరింది. అంతవరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణమే. ఉపగ్రహాలు పంపే సంకేతాలను స్వీకరించే భూకేంద్రాన్ని 1979లో ఇక్కడ నెలకొల్పారు. తొలుత అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలను ఈ కేంద్రం స్వీకరించింది. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ మొదలుకొని మన దేశపు దూరసంవేదన ఉపగ్రహాలెన్నో ఇక్కడి గ్రాహకాలకు భూమి చిత్రాలను అందించాయి. 1974లో ఏర్పడిన జాతీయ దూరసంవేదన సంస్థ 2008 సెప్టెంబరు 1 నుండి ఇస్రోలో అంతర్భాగమై, జాతీయ దూరసంవేదన కేంద్రమనే పేరు పొందింది. షాద్‌నగర్ భూకేంద్రం దాని పరిధిలోనిదే. అనేక ఉపగ్రహాల దత్తాంశాన్ని ఒకే చోట స్వీకరించి, సంస్కరించి, భద్రపరచి, కోరిన వారికి అందించే సమీకృత వ్యవస్థ 2011లో ఇక్కడ రూపుదిద్దుకొన్నది.

దత్తాంశమంటే ఇంకా అర్థవంతమైన సమాచారంగా మారని ముడి సంకేతాల రాశి. అది ఎంత వేగంగా వచ్చి పడుతుందో ఒక లెక్క ద్వారా తెలుసుకొందాం. 2011 ఏప్రిల్ 20న ప్రయోగించిన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహం 817 కిలోమీటర్ల ఎత్తున, సుమారు 101 నిమిషాలకు ఒక పర్యాయం భూమిని చుట్టివచ్చేలా రూపొందినది. అది ఒక్కొక్కటి సెకనుకు 105 మెగాబిట్ల వేగం గల రెండు మార్గాల ద్వారా దత్తాంశాన్ని పంపగలదు. రెండు మార్గాలూ కలిసి 210 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కనుక ఇది సెకనుకు 26.25 మెగాబైట్లు. ఉపగ్రహం భూకేంద్రానికి కనిపించే సమయం పది నిమిషాలనుకొంటే, ఆ 600 సెకన్లలో 15,750 మెగాబైట్లు, అనగా 15.75 గిగాబైట్ల దత్తాంశం వచ్చి చేరుతుంది.

ఆ పది నిమిషాలలో రాసుకోవడానికి డిస్క్‌పై చోటు లేకపోతే ఏమవుతుంది? ఉపగ్రహం ఆగదు. నేరుగా పంపుతున్న సంకేతాన్ని ఆ క్షణంలోనే పట్టుకోవాలి. రిసోర్స్‌శాట్-2 మళ్లీ అదే దారిన రావడానికి 24 రోజులు పడుతుంది. ఈలోగా వరి కోతకు రావచ్చు, చెరువు ఎండిపోవచ్చు, వరద తీసిపోవచ్చు. 1988లో మన ఊరి చెరువు ఎంత మేర నిండి ఉండేదో, ఏ పొలం పచ్చగా ఉండేదో చెప్పగల చిత్రాన్ని ఈనాడు ఎంత ధనం వెచ్చించినా తీయలేము. ఆనాడు తీసి భద్రపరచి ఉంటేనే అది మనకు దక్కుతుంది. కనుక నిల్వ స్థలాన్ని కొలిచి పంచడం యంత్రశాలలోని చిన్న పనిగా కనిపించినా, ఒక ప్రాంతపు గతచరిత్ర దానిపై ఆధారపడి ఉంటుంది.

తైబందీ అనగానేమి?

ఈ స్థల విభజనను అర్థం చేసుకోవడానికి మన చెరువును ఒకసారి తలచుకొందాం. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో వాన తక్కువ, అదీ నియమం లేనిది. అందుచేత పూర్వులు వాలును అనుసరించి గొలుసుకట్టు చెరువులు నిర్మించారు. నల్లగొండ పక్కన పానగల్లులోని ఉదయ సముద్రం కందూరు చోడుల కాలం నాటిది. చెరువుకు కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు అనే అంగాలున్నాయి. తూములను తెరచి, మూసి, పొలాలకు వంతుల ప్రకారం నీరు పారించే వాడు నీరడి.

వానకాలపు పంటను ఆబి అని, యాసంగి పంటను తాబి అని పిలుస్తారు. ఆబి ముగిసిన తరువాత చెరువులో మిగిలిన నీటిని చూసి, దానితో తాబిలో ఎన్ని ఎకరాలకు నీరివ్వగలమో నిర్ణయించి, ఆ మేరకు మాత్రమే సాగుకు అనుమతించే ఏర్పాటుకు తైబందీ అని పేరు. ఆయకట్టు నూరు ఎకరాలు ఉన్నా, నీరు నలభై ఎకరాలకే సరిపోతే తైబందీ నలభై ఎకరాలకే. నూరెకరాలకూ నీరు వదిలితే నూరెకరాలూ పొట్ట దశలో ఎండిపోతాయి. నలభైకే పరిమితమైతే నలభై ఎకరాల గింజ ఇంటికి చేరుతుంది.

తైబందీలో మూడు సూత్రాలు ఇమిడి ఉన్నాయి. ఉన్నదెంతో నిజంగా కొలవడం మొదటిది. ఎవరికెంత అవసరమో లెక్కించడం రెండవది. అనుకోని ఆపదకు కొంత మిగిల్చి పంచడం మూడవది. డిస్క్ నిల్వ వ్యవస్థలో స్థలాన్ని పంచడానికీ ఇవే సూత్రాలు. వాటిని వరుసగా పరిశీలిద్దాం.

పేరుకున్న సామర్థ్యం, వాడుకకు దక్కే సామర్థ్యం

నల్లగొండ జిల్లాలోని నాగార్జునసాగర్ జలాశయాన్ని నిర్మించినప్పుడు దాని సామర్థ్యాన్ని 408 టి.ఎం.సి.లుగా లెక్కించారు. పూడిక వల్ల అది ఇప్పుడు 312 టి.ఎం.సి.లకు తగ్గింది. ఆ 312 కూడా పూర్తిగా పొలాలకు పారవు. పూర్తి నీటిమట్టం 590 అడుగులు కాగా, సాగునీటి విడుదలకు కనీస మట్టంగా 510 అడుగులు నిర్ణయించారు. ఆ మట్టానికి దిగువన సుమారు 131 టి.ఎం.సి.లు ఉంటాయి. కనుక పేరుకు ఉన్న సామర్థ్యం వేరు, వాడుకకు దక్కే సామర్థ్యం వేరు.

డిస్క్‌లలోనూ ఇంతే. ఒక నిల్వ వ్యవస్థలో ఒక్కొక్కటి 4 టెరాబైట్ల డిస్క్‌లు 12 ఉన్నాయనుకొందాం. పేరుకు 48 టెరాబైట్లు. కాని డిస్క్ తిరిగే యంత్రం. ఏదో ఒకనాడు చెడిపోక తప్పదు. చెడిన దాని స్థానంలో వెంటనే పనికి దిగడానికి ఒక డిస్క్‌ను ఖాళీగా అట్టిపెట్టాలి. మిగిలినవి 11. వాటిలో రెండు డిస్క్‌లంత స్థలాన్ని రక్షణ సమాచారం ఆక్రమిస్తుంది. ఇక దక్కేది తొమ్మిది డిస్క్‌లంత స్థలం, అనగా 36 టెరాబైట్లు. నలభై ఎనిమిదింటికి మూల్యం చెల్లించి ముప్పయి ఆరింటిని అనుభవిస్తున్నామని విచారించనక్కర లేదు. ఆ పన్నెండు మిగతా వాటికి కాపలా కాస్తున్నాయి.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. డిస్క్ తయారీదారులు లక్ష కోట్ల బైట్లను ఒక టెరాబైట్‌గా లెక్కిస్తారు. అనేక కంప్యూటర్ వ్యవస్థలు 1024ను ప్రమాణంగా తీసుకొని హెచ్చిస్తాయి. ఈ రెండవ లెక్కలో మొదటి లెక్క ప్రకారమైన ఒక టెరాబైట్ 0.909 మాత్రమే. అందువల్ల 36 అనుకొన్నది తెరపై 32.7గా కనిపిస్తుంది. డిస్క్‌లోని స్థలమేమీ తగ్గలేదు, కొలిచే మానిక మాత్రమే మారింది. ధాన్యం కొలిచేవారు ఊరూరికీ మానిక మారుతుందని ఎరిగి, ముందుగా మానికను పరీక్షించి చూచేవారు. ఇక్కడా అదే జాగ్రత్త అవసరం. ఈ పాఠంలోని లెక్కలన్నీ మొదటి మానికతో చేసినవే.

డిస్క్‌ల పరస్పర రక్షణ

రక్షణ సమాచారం అన్నాము. అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. మూడు డిస్క్‌లలో 7, 5, 9 అనే అంకెలు ఉన్నాయనుకొందాం. వాటి మొత్తమైన 21ని నాలుగవ డిస్క్‌లో రాసి ఉంచుతాము. 5 ఉన్న డిస్క్ చెడిపోయినదనుకొంటే, 21 నుండి 7ను, 9ని తీసివేస్తే 5 తిరిగి లభిస్తుంది. యంత్రం చేసే లెక్క కూడికకు బదులు బిట్లతో చేసే మరొక ప్రక్రియ. భావం మాత్రం ఇదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే పరిశోధకులు 1988లో ప్రకటించిన పత్రంలో ఇటువంటి డిస్క్ సమూహాలకు 'రెయిడ్' అని నామకరణం చేశారు. ఒక డిస్క్ చెడినా నిలిచేది ఐదవ తరగతి రెయిడ్, రెండు చెడినా నిలిచేది ఆరవ తరగతి రెయిడ్.

రెండింటి రక్షణ దేనికన్న సందేహం కలుగవచ్చు. చెడిన డిస్క్‌లోని సమాచారాన్ని పునర్నిర్మించాలంటే మిగిలిన డిస్క్‌లన్నింటినీ మొదటి నుండి చివరి వరకు చదవాలి. డిస్క్ ఎంత పెద్దదైతే అంత సమయం పడుతుంది. ఆ సమయంలో శ్రమ అధికమై మరొక డిస్క్ చెడిపోతే, ఒకే రక్షణ ఉన్న సమూహం మొత్తం నష్టపోతుంది. అందుకే పెద్ద డిస్క్‌లకు రెండు రక్షణలు ఉండాలంటారు.

అయితే రెయిడ్ ఉన్నది కదా అని వేరుగా ప్రతిని దాచకుండా ఉండరాదు. పొరపాటున ఒక ఫైల్‌ను తుడిచివేస్తే, రెయిడ్ ఆ ఆజ్ఞను అన్ని డిస్క్‌లపై విధేయతతో అమలు చేస్తుంది. అది యంత్రం చెడటం నుండి కాపాడుతుందే కాని, మనిషి పొరపాటు నుండి కాపాడదు. మూల దత్తాంశానికి టేపుపైన గాని, వేరొక చోట గాని మరొక ప్రతి ఉండి తీరాలి.

భౌతిక డిస్క్, లాజికల్ వాల్యూమ్

ఐ.బి.ఎం. సంస్థ 1956లో వెలువరించిన తొలి డిస్క్ యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల పలకలు 50 ఉండేవి. వాటిలో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఆ రోజులలోనూ, ఆ తరువాత చాలాకాలం వరకూ, ఒక డిస్క్ అంటే ఒక నిల్వ విభాగమే. యంత్రం ఎంతదైతే విభాగం అంతదే. పని చిన్నదైతే స్థలం వ్యర్థం, పెద్దదైతే స్థలం చాలదు.

ఈ బంధాన్ని తెంచినదే లాజికల్ వాల్యూమ్ అనే భావన. అనేక డిస్క్‌లను కలిపి ముందుగా ఒక ఉమ్మడి నిధిగా చేస్తారు. ఆ నిధి నుండి కావలసిన పరిమాణంలో భాగాలను కేటాయిస్తారు. సర్వర్ దృష్టికి ప్రతి భాగమూ ఒక విడి డిస్క్‌లాగే కనిపిస్తుంది. లోపల ఏయే డిస్క్‌లు ఉన్నాయో అది ఎరుగదు, ఎరుగనక్కర లేదు. తూము కింది రైతుకు తన కాలువలోని నీరు ఏ వాగు నుండి చెరువులోకి వచ్చిందో తెలియనక్కర లేదు కదా!

ఉమ్మడి నిధిని చిన్న చిన్న సమాన ఖండాలుగా విభజిస్తారు. లినక్స్ వ్యవస్థలోని లాజికల్ వాల్యూమ్ నిర్వాహకంలో సాధారణంగా ఒక ఖండం 4 మెగాబైట్లు. లాజికల్ వాల్యూమ్ అనేది ఏ ఖండం ఏ డిస్క్‌పై ఉన్నదో తెలిపే ఒక పట్టిక. ఖండాలు పక్కపక్కనే ఉండాలన్న నియమం లేదు. అందుచేత పాత డిస్క్‌పై ఉన్న ఖండాలను, పని ఆగకుండానే, కొత్త డిస్క్‌పైకి మార్చి పట్టికలో చిరునామా దిద్దవచ్చు. బస్తాలలోని ధాన్యాన్ని ఒక గది నుండి మరొక గదికి మార్చి చిట్టాలో రాసుకొన్నట్లే ఇది.

పరిమాణాన్ని నిర్ణయించే విధానం

ఇప్పుడు మన 36 టెరాబైట్ల నిధిని పంచుదాం. ఇది అవగాహన కోసం కల్పించుకొన్న ఉదాహరణ. షాద్‌నగర్ కేంద్రపు వాస్తవ వ్యవస్థ ఇంతకన్న ఎంతో పెద్దది. ఒక భూకేంద్రంలో మూడు పనులున్నాయనుకొందాం. ఉపగ్రహ దత్తాంశ స్వీకరణ మొదటిది. దానిని చిత్రాలుగా సంస్కరించడం రెండవది. సిద్ధమైన చిత్రాలను పంపిణీ చేయడం మూడవది.

స్వీకరణకు ఎంత కావాలి? ఉపగ్రహాలన్నీ కలిసి రోజుకు 8 పర్యాయాలు వస్తాయనీ, ఒక్కొక్క పర్యాయం 15.75 గిగాబైట్లనీ అనుకొంటే రోజుకు 126 గిగాబైట్లు. టేపుపైకి ప్రతి తీసి, సరిచూచుకొనే వరకు 15 రోజులు డిస్క్‌పై ఉంచాలన్నది నియమం. అప్పుడు 1,890 గిగాబైట్లు చాలునని తోస్తుంది. కాని టేపు యంత్రం చెడి, బాగుచేయడానికి ఒక వారం పడితే? అప్పుడు 22 రోజుల దత్తాంశం నిలిచిపోతుంది. అది 2,772 గిగాబైట్లు. ఇంతటితోనూ ఆగరాదు. వాల్యూమ్ అంచుల వరకు నిండితే ఫైల్ వ్యవస్థకు ఖాళీ చోటు వెదకడమే కష్టమై వేగం మందగిస్తుంది. నూటికి 80 పాళ్లకు మించి నిండకుండా చూడాలనుకొంటే, 2,772ను 0.8తో భాగించాలి. ఫలితం 3,465 గిగాబైట్లు. సుమారు మూడున్నర టెరాబైట్లు కేటాయిస్తాము.

ఇక సంస్కరణ. ముడి దత్తాంశం నుండి పుట్టే చిత్రాలు దానికి మూడింతలనుకొంటే రోజుకు 378 గిగాబైట్లు. 30 రోజులకు 11,340 గిగాబైట్లు. మునుపటి వలెనే 0.8తో భాగిస్తే 14,175 గిగాబైట్లు. దీనికి 14.2 టెరాబైట్లు ఇస్తాము. పంపిణీకి 6 టెరాబైట్లు. మొత్తం కేటాయింపు 23.7 టెరాబైట్లు. నిధిలో మిగిలినది 12.3 టెరాబైట్లు.

మిగిలినది చూసి తొందరపడి పంచివేయరాదు. రేపు మరొక ఉపగ్రహం రావచ్చు. ఒక పని అనుకొన్నదానికన్న వేగంగా పెరగవచ్చు. వాల్యూమ్ యొక్క ఒకానొక క్షణపు స్థితిని పట్టి ఉంచే 'స్నాప్‌షాట్' తీయడానికీ చోటు కావాలి. స్నాప్‌షాట్ తీసిన నాటి నుండి మార్పు చెందిన ప్రతి ఖండపు పాత రూపమూ దాచవలసి ఉంటుంది.

పరిమాణంతో పాటు వేగాన్ని కూడా గమనించాలి. స్వీకరణలో దత్తాంశం ఒకే ధారగా వచ్చి పడుతుంది. పంపిణీలో అనేకులు ఒకే వేళ చిన్న చిన్న భాగాలను అడుగుతారు. ఈ రెండు వాల్యూములూ ఒకే డిస్క్‌లపై ఉంటే, చదివే ముల్లు ఇటూ అటూ పరుగెత్తి ధారకు భంగం కలుగుతుంది. తగినంత స్థలం ఉండి కూడా ఉపగ్రహ దత్తాంశాన్ని రాసుకోలేని స్థితి ఏర్పడవచ్చు. కాబట్టి ఆగరాని పనికి వీలైతే ప్రత్యేకమైన డిస్క్ సమూహాన్నే కేటాయించడం మేలు. అప్పుడు రక్షణకు, ఖాళీ డిస్క్‌కు ఆ సమూహంలో విడిగా లెక్క వేసుకోవాలి.

పెంచడం సులభం, తగ్గించడం దుష్కరం

కొంత మిగిల్చి పంచాలనడానికి మరొక బలమైన కారణం ఉన్నది. లాజికల్ వాల్యూమ్‌ను పెంచడం తేలిక. నిధిలోని ఖాళీ ఖండాలను దాని పట్టికలో చేరిస్తే చాలు. ఆ తరువాత దానిపై ఉన్న ఫైల్ వ్యవస్థను కూడా పెంచాలి. ఈ రెండవ మెట్టును మరచి, వాల్యూమ్ పెంచినా చోటు పెరగలేదని కలవరపడేవారు అనేకులు. పొలం కొన్నంత మాత్రాన చాలదు, దానిని దున్ని మడిగా చేసినప్పుడే కదా సాగులోకి వస్తుంది!

తగ్గించడం అలా కాదు. అందులో క్రమం తలకిందులవుతుంది. ముందుగా ఫైల్ వ్యవస్థను కుదించి, అందులోని సమాచారాన్ని మొదటి భాగంలోకి చేర్చాలి. తరువాతనే వాల్యూమ్‌ను తగ్గించాలి. క్రమం తప్పి ముందే వాల్యూమ్‌ను తగ్గిస్తే, తోక భాగంలోని సమాచారం తెగిపోతుంది. పైగా కుదించడానికి సాధారణంగా ఆ వాల్యూమ్‌పై పని ఆపవలసి వస్తుంది. కొన్ని ఫైల్ వ్యవస్థలకు కుదించే సౌకర్యమే పెద్దగా లేదు. వాటి విషయంలో సమాచారాన్నంతా వేరే చోటికి తరలించి, వాల్యూమ్‌ను కొత్తగా నిర్మించాల్సిందే.

తైబందీ ఎరిగిన పెద్దలకు ఇది తెలియని విషయం కాదు. పదెకరాలకు అనుమతించి, నీరు మిగిలితే మరో రెండెకరాలకు ఇవ్వవచ్చు. కాని ఇరవై ఎకరాలకు అనుమతించి, నాట్లు పడిన తరువాత పదింటి నీరు వెనక్కి తీసుకోవడం కలహానికే దారి తీస్తుంది. కాబట్టి మొదట అవసరానికి తగినంత ఇవ్వాలి, శేషాన్ని ఉమ్మడి నిధిలో ఉంచాలి, పెరుగుదలను గమనిస్తూ పెంచాలి.

ఒక చిన్న అనుభవం ఇక్కడ చెప్పదగినది. నేను పనిచేసిన ఒక కళాశాలలో కార్యాలయపు కంప్యూటర్ డిస్క్‌ను రెండు భాగాలుగా విభజించారు. పరీక్షల వివరాలు చేరే మొదటి భాగం ఇరుకు, రెండవది విశాలం. ఫలితాలు ప్రకటించవలసిన వేళకు మొదటి భాగం నిండిపోయి యంత్రం మొండికేసింది. పక్కనే రెండవ భాగం దాదాపు శూన్యంగా ఉన్నది. విద్యార్థుల మార్కుల పట్టికలు కాగితంపై చేతితో రాయవలసి వచ్చింది. ఆనాడు కంప్యూటర్‌లో స్థలం లేకపోలేదు. ఎవరికెంత కావాలో ఎవరూ ముందుగా అడగలేదు, అంతే.

లేని నీటికి ఆయకట్టు

అవసరాన్ని అడిగినప్పుడు మరొక ఇబ్బంది ఎదురవుతుంది. ప్రతి విభాగమూ తనకు వాస్తవంగా కావలసిన దానికన్న ఎక్కువ కోరుతుంది. మూడు విభాగాలూ తలా 20 టెరాబైట్లు కోరాయనుకొందాం. మొత్తం 60. నిధిలో ఉన్నది 36. ఆధునిక నిల్వ వ్యవస్థలు దీనికొక ఉపాయం చూపాయి. ప్రతి వాల్యూమ్‌నూ 20 టెరాబైట్లదిగా పైకి చూపుతాయి. నిజమైన ఖండాలను మాత్రం రాసినప్పుడే, రాసినంత మేరకే నిధి నుండి ఇస్తాయి. దీనిని 'థిన్ ప్రొవిజనింగ్' అంటారు. పలుచని కేటాయింపు అని చెప్పుకోవచ్చు.

ఈ ఉపాయంలో లాభమున్నది. వాడని స్థలం ఎవరి వద్దా చిక్కుకోదు. నేడు డిస్క్‌లు కొనకుండా, అవసరం వచ్చినప్పుడే కొనవచ్చు. అయితే ఉన్నదానికి మించి మాట ఇచ్చామన్న సత్యాన్ని మరువరాదు. అందరూ ఒకేసారి వాడుకోరన్న నమ్మకంపై ఈ ఏర్పాటు నిలిచి ఉన్నది. నిధి పూర్తిగా నిండిన నాడు ఏ వాల్యూమ్‌పైనా కొత్తగా ఒక్క ఖండమూ రాయడానికి వీలుండదు. తన 20లో 5 మాత్రమే పొదుపుగా వాడుకొన్న విభాగానికి తెరపై ఇంకా 15 ఖాళీగా కనిపిస్తాయి. కాని రాయబోతే నిరాకరణే ఎదురవుతుంది. అందరి పొలాలూ ఒకేసారి ఎండినట్లు, తప్పు చేయని వారూ నష్టపోతారు.

పలుచని కేటాయింపు చేసిన చోట నీరడి వంటి కాపరి తప్పనిసరి. నిధి నూటికి 70 పాళ్లు నిండగానే ఒక హెచ్చరిక, 80 దాటగానే మరొక హెచ్చరిక నిర్వాహకునికి చేరాలి. కొత్త డిస్క్‌లు కొనుగోలు చేసి అమర్చడానికి ఎన్నాళ్లు పడుతుందో, నిధి నిండడానికి అంతకన్న ఎక్కువ రోజులు మిగిలి ఉండగానే మేల్కొనాలి. నిధిలో 9 టెరాబైట్లు మిగిలి, రోజుకు 150 గిగాబైట్లు ఖర్చవుతూ ఉంటే 60 రోజుల గడువు ఉన్నదన్నమాట. డిస్క్‌లు రావడానికి 90 రోజులు పట్టేటట్లయితే నిర్వాహకుడు అప్పటికే నెలరోజులు ఆలస్యం చేసినట్లు. స్వీకరణ వంటి ఆగరాని పనికి పలుచని కేటాయింపు కాక, నిండు కేటాయింపే శ్రేయస్కరం. తాగునీటికి ముందుగా మీదు కట్టి, తరువాతనే సాగునీటిని లెక్కించే పద్ధతి వంటిదే ఇది.

ముగింపు

విద్యార్థులారా! డిస్క్ ధర తగ్గుతున్నదనీ, స్థలానికి కొరత లేదనీ కొందరంటారు. కాని స్థలం పెరిగిన కొద్దీ దత్తాంశమూ పెరుగుతూనే ఉన్నది. ఐ.ఆర్.ఎస్.-1ఎ తన కెమెరాలలో ఒకదానితో 72.5 మీటర్ల నేలను, మరొకదానితో 36.25 మీటర్ల నేలను ఒక చుక్కగా చూపేది. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల నేలనే ఒక చుక్కగా చూపింది. ఒక చుక్క పక్క కొలత 36.25 నుండి 2.5కు తగ్గితే, అదే నేలకు చుక్కల సంఖ్య రెండు వందల రెట్లకు మించి పెరుగుతుంది. ఎంత పెద్ద నిధి అయినా ఏదో ఒకనాడు నిండేదే.

అందుచేత ఎంత ఉన్నదన్న ప్రశ్నతో పాటు, ఎవరికెంత మాట ఇచ్చాము, ఆ మాట నిలుపుకోవడానికి ఎంత మిగిల్చాము అన్న ప్రశ్నలూ వేసుకోవాలి. చెరువులో నీరు చూడకుండా ఆయకట్టు ప్రకటించిన వాడు, పంచేనాడు ఉదారుడిగా కనిపించి, పంట చేతికి వచ్చేనాడు అపకారి అవుతాడు. తైబందీ నిర్ణయించిన వాడు మొదట కొందరికి కఠినుడిగా తోచినా, నాటిన ప్రతి మడినీ కోతకు చేరుస్తాడు. మీలో కొందరు రేపు కంప్యూటర్ నిర్వాహకులు కావచ్చు. ఏ గ్రామపు పంట చిత్రమో, ఏ రోగి చికిత్స వివరమో, ఏ విద్యార్థి మార్కుల పట్టికో మీరు కేటాయించిన వాల్యూమ్‌లో చేరవచ్చు. అంకె టైపు చేసే ముందు ఒక్క క్షణం ఆగి, మన ఊరి కట్ట మీద నిలబడి నీటిమట్టాన్ని చూచిన నీరడిని గుర్తుచేసుకోండి.

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తైబందీ సంప్రదాయానికీ, లాజికల్ వాల్యూమ్ పరిమాణ నిర్ణయానికీ గల పోలికలను వివరించండి.
2. పలుచని కేటాయింపు వల్ల కలిగే లాభనష్టాలను చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పేరుకున్న సామర్థ్యానికీ, వాడుకకు దక్కే సామర్థ్యానికీ భేదమేమి?
2. రెయిడ్ ఉన్నప్పటికీ మరొక ప్రతి ఎందుకు అవసరం?
3. లాజికల్ వాల్యూమ్‌ను తగ్గించేటప్పుడు పాటించవలసిన క్రమమేది?

ఇ) మీ గ్రామంలోని లేదా సమీపంలోని చెరువును సందర్శించి, దాని ఆయకట్టును, నీటి పంపకపు పద్ధతిని పెద్దలను అడిగి తెలుసుకొని ఒక వ్యాసం రాయండి.